మా చంటిగాడు, నా శాలువా

పిల్లికి ఆపరేషన్ చేయించేస్తే ఇంట్లో గోడల మీద మూత్రం చిమ్మడం మానేస్తుందని మీకెవరైనా చెప్పారా? నాకూ చెప్పారు. చెప్పినవాళ్లు అబద్ధమేమీ ఆడలేదు. ఆపరేషన్ అయిన మగపిల్లుల్లో నూటికి తొంభై మానేస్తాయట. ఓ పది మాత్రం మానవట. ఆడపిల్లుల్లో కూడా ఆపరేషన్ అయ్యాక నూటికి ఐదు ఇలా చిమ్మేవి ఉంటాయట. మా చంటిగాడు ఆ మగ పదిలో ఒకడు. చదువుకునే రోజుల్లో నేను ఏ పరీక్షలోనూ మొదటి పదిమందిలో లేను. మా ఇంటికి ఆ గౌరవం ఇన్నాళ్లకి ఇలా దక్కింది.

చంటిగాడిని తెచ్చింది మా అమ్మాయి. నన్ను అడిగే తెచ్చింది లెండి. ముందు వాళ్లమ్మని అడిగింది, ఆవిడ సరే అంది, పిల్లి వచ్చింది, పాలు తాగింది, సోఫాలో నేను కూర్చునే మూల చూసుకుని పడుకుంది. అప్పుడు మా అమ్మాయి నా దగ్గరికొచ్చి, "నాన్నా, పిల్లిని పెంచుకుందామా?" అంది. ఇంటి పెద్దని కాబట్టి కాసేపు గంభీరంగా ఆలోచించి ఒప్పుకున్నాను. మీ ఇళ్లలోనూ ముఖ్యమైన నిర్ణయాలు మీరు ఇలాగే తీసుకుంటూ ఉంటారని నాకు తెలుసు.

మా అమ్మకి మాత్రం పిల్లంటే గిట్టదు. బయటికి వెళ్లేటప్పుడు పిల్లి ఎదురొస్తే వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మరీ బయల్దేరాలి. పిల్లి వీధిలో ఉన్నప్పుడు ఇది పాటించడం సులువే. అది మన హాల్లోనే కాపురం ఉంటే ఎలా? నేను చెప్పులు వేసుకోవడం, చంటిగాడు ఎదురు రావడం, అమ్మ "ఆగరా" అనడం, నేను గ్లాసెత్తడం. గడప దాటేలోపు కడుపు నిండిపోయేది. ఆ రోజుల్లో చంటిగాడికంటే నేనే ఎక్కువసార్లు పాస్‌కి వెళ్లేవాణ్ని. తేడా ఏమిటంటే, నేను బాత్రూములోకి వెళ్లేవాణ్ని.

మాది కాకినాడలో పాతకాలపు డాబా ఇల్లు. బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నాకు సాహిత్యం సోకింది. హాస్యవ్యాసాలు రాస్తున్నాను. అడపాదడపా ఎవరో ఒకరు పిలిచి శాలువా కప్పుతున్నారు, చేతిలో షీల్డు పెడుతున్నారు. షీల్డులన్నీ హాల్లో కిటికీ పక్క షోకేసులో ఉంటాయి. శాలువాలు బీరువాలో పెట్టమని మా ఆవిడ ఎన్నిసార్లు చెప్పినా, ఒకటి మాత్రం నా పడక్కుర్చీ వీపు మీద వేసి ఉంచుతాను. బంగారురంగు జరీ అంచుది. ఇంటికొచ్చినవాళ్లు అదేమిటని అడగాలి కదా. ఇంతవరకూ అడిగింది ఇస్త్రీ అబ్బాయి ఒక్కడే, ఇస్త్రీకి ఇస్తారేమోనని.

ఓ మధ్యాహ్నం చంటిగాడు తీరిగ్గా షోకేసు దగ్గరికి నడిచాడు. కింది అర అద్దానికి ముక్కు ఆనించి వాసన చూశాడు. ఈ ఇంట్లో సాహిత్యాభిమాని ఒకడైనా దొరికాడని నాకు కళ్లు చెమర్చాయి. అంతలో వాడు వెనక్కి తిరిగాడు. అద్దానికి వీపు పెట్టి నిటారుగా నిలబడ్డాడు. తోక నిక్కబొడుచుకుంది, దాని కొస సన్నగా వణికింది. వెనక కాళ్లు రెండూ అటూ ఇటూ అదిమాడు, కళ్లు సగం మూశాడు. సన్నటి తుంపర ఒకటి షీల్డులకి ఎదురుగా అద్దం మీద పడి కిందికి జారింది. పని పూర్తి చేసుకుని, నా వైపు ఓ చూపు చూసి, వంటింట్లోకి వెళ్లిపోయాడు.

"ఏమే, ఇటు రా!" అని కేకేశాను.

మా ఆవిడ వచ్చి, అద్దం చూసి, షీల్డులు చూసి, "విమర్శ కాస్త ఘాటుగానే ఉంది" అంది.

ఘాటంటే గుర్తొచ్చింది. పిల్లి మూత్రంలో ఫెలినైన్ అనే పదార్థం ఉంటుందట. గండుపిల్లుల్లో మరీ ఎక్కువట. అది నిలవున్నకొద్దీ విరిగి, గంధకం కలిసిన వాసనలు పుట్టిస్తుందట. అందుకే పచ్చిగా ఉన్నప్పటికంటే ఆరాక ముక్కు బద్దలవుతుంది. ఇది నాకు తర్వాత మా అమ్మాయి చెప్పింది. అంతకుముందే నేను సభకి వెళ్లొచ్చాను.

ఆ సభ సంగతి చెప్పకుండా దాటేద్దామనుకున్నాను గానీ, మా ఆవిడ ఎలాగూ మీకు చెప్తుంది. గ్రంథాలయంలో హాస్యం మీద ప్రసంగం. జరీ శాలువా భుజాన వేసుకుని వెళ్లాను. ఇంట్లో రోజూ ఆ గాలే పీలుస్తున్నాను కాబట్టి నా ముక్కుకి ఏమీ తెలియలేదు. వేదిక మీద నా పక్కన కూర్చున్న అధ్యక్షులవారు కుర్చీ కొంచెం అటు జరుపుకున్నారు. నా మీద గౌరవంతో చోటిచ్చారనుకున్నాను. నేను మైకు అందుకున్న కాసేపటికి ఇద్దరు కుర్రాళ్లు వంగి వేదిక కింద టార్చిలైటు వేసి వెతకడం మొదలెట్టారు. "ఎక్కడో పిల్లి దూరిందండీ" అని ఒకడు పైకే అన్నాడు. జనం ఒకటే నవ్వు. ఆ నవ్వు నా చమత్కారానికే అనుకుని, అదే చమత్కారం ఇంకోసారి చెప్పాను.

ఇంటికొస్తూ ఆటోలో మా ఆవిడ చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "మీ ప్రసంగానికి జనం ఇంతగా కదలడం నేనెప్పుడూ చూళ్లేదు" అంది.

మర్నాడు పొద్దున్నే యుద్ధం ప్రకటించాను. మగాడు ఇల్లు శుభ్రం చెయ్యాలనుకుంటే మొదట చెయ్యి వెళ్లేది ఫినాయిల్ సీసా మీదికే. షోకేసు చుట్టూ, కుర్చీ కిందా ధారగా పోశాను. జేబులో కలరా ఉండలు కూడా సిద్ధంగా పెట్టుకున్నాను. బకెట్లో బ్లీచింగ్ పౌడరు కలుపుతూ ఉండగా మా అమ్మాయి లేచొచ్చింది. ముందు పిల్లిని ఎత్తుకుని గదిలో పెట్టి తలుపేసింది, కిటికీలు తెరిచింది, తర్వాత నా చేతిలో బకెట్ లాక్కుంది.

"నాన్నా, ఫినాయిల్ పిల్లులకి విషం. మన లివరు విరిచేసినట్టు దాని లివరు దాన్ని విరవలేదు. తడి మీద నడిచి పాదాలు నాక్కుందంటే అంతే సంగతులు. డెట్టాల్ కూడా అంతే. నీ జేబులో ఏమున్నాయి?"

"ఏం లేవమ్మా."

"కలరా ఉండలు. వాసనొస్తోంది. అవీ విషమే. బ్లీచింగయితే మూత్రంలోని అమ్మోనియాతో కలిసి చెడ్డ గాలి పుట్టిస్తుంది, అది మనకే ప్రమాదం."

నేను చంపబోయింది వాసనని; పిల్లినీ, మమ్మల్నందరినీ కలిపి చంపేసేవాణ్నని తేల్చింది. ఫినాయిలంతా మంచినీళ్లతో మళ్లీ మళ్లీ కడిగే పని నాకే పడింది. సబ్బునీళ్లతో కడిగితే మన ముక్కుకి వాసన పోతుంది గానీ పిల్లి ముక్కుకి పోదట. పాత వాసన తగిలినచోటే మళ్లీ కొత్తగా చిమ్ముతుందట. అందుకని ఎంజైములున్న ద్రావణం తెప్పించారు. దాన్ని పోసి కాసేపు తడిగా ఉండనివ్వాలి, అప్పుడే ఆ మరకల్ని లోపలిదాకా తినేస్తుంది. నేను పోసిన వెంటనే గుడ్డ పెట్టి శుభ్రంగా తుడిచేశాను. "ఆ ద్రావణం ఖరీదు తెలుసా?" అని మాత్రం అడిగింది మా ఆవిడ. తెలుసుకోలేదు. కొన్ని తెలియకపోవడమే ఆరోగ్యం.

తర్వాత పశువుల ఆసుపత్రి. ముందు వరసలో ఒక గేదె, దాని వెనక తాడు కట్టిన మేకపోతు, ఆ తర్వాత బుట్టలో చంటిగాడు, మా అమ్మాయి, నేను. డాక్టరమ్మ మా అమ్మాయి వయసుదే.

"నిలబడి చిమ్ముతోందా అండీ, కూర్చుని పోస్తోందా?"

ఈ రెండింటికీ చాలా తేడా ఉందట. నిలబడి, గోడకో కుర్చీకో వీపు పెట్టి, కాస్తంత చిమ్మితే అది హద్దులు వేసుకోవడం. నేల మీదో పరుపు మీదో కూర్చుని ఎక్కువగా పోస్తే మూత్రాశయంలో బాధో, దానికి పెట్టిన ఇసుక తొట్టి నచ్చకపోవడమో. మాటల్లో చెప్తే పొరపాటు పడుతుందని నేనే లేచి, గోడకి వీపు పెట్టి నిలబడి, మడమలు అటూ ఇటూ అదిమి, కళ్లు సగం మూసి చూపించాను. తోకకి బదులు చెయ్యి పైకెత్తి వేళ్లు వణికించాను. మేకపోతును పట్టుకున్న పెద్దాయన మా అమ్మాయి వైపు వంగి, "ఏమ్మా, బాగోలేంది పిల్లికా, నాన్నగారికా?" అనడిగాడు.

మూత్రం పరీక్షలో ఏ జబ్బూ లేదని తేలింది. అప్పుడు డాక్టరమ్మ అసలు సంగతి చెప్పింది. పిల్లి ఇది కోపంతో చెయ్యదు, కక్షతో అసలే చెయ్యదు. తన చోటు తనకి ఉంటుందో ఉండదోనని బెంగ పట్టినప్పుడు, "ఇది నాది" అని రాసుకుంటుంది. కొత్త కుర్చీ వచ్చినా, ఇల్లు మారినా, ఇంకో పిల్లి వాసన తగిలినా ఆ బెంగ పుడుతుంది. మనం అరిస్తే బెంగ రెట్టింపవుతుంది, చిమ్మడమూ రెట్టింపవుతుంది.

ఇంటికొచ్చి ఇదంతా మా ఆవిడకి విడమరిచి చెప్పాను. ఆవిడకేమీ ఆశ్చర్యం కలగలేదు.

"మీరు రిటైరైన కొత్తలో చెంబు దగ్గర్నుంచి చారు గరిటె దాకా స్టీలు సామానంతటి మీదా మీ పేరు కొట్టించలేదూ? అదీ అంతే, పాపం. దాని దగ్గర మిషను లేదు కాబట్టి ఉన్నదాంతో కొట్టుకుంటోంది. ఇకమీదట దాని మీద అరవకండి. ఈ ఇంట్లో మీ అరుపుకి భయపడేది అదొక్కటే, దాన్నైనా వదిలేయండి."

మరి చంటిగాడికి ఆ బెంగ ఎందుకు పట్టినట్టు? దీన్ని నేనే కనిపెడతానని పూనుకున్నాను. అతినీలలోహిత కాంతి టార్చి ఒకటి తెప్పించాను. బ్యాంకులో దొంగనోట్లు పట్టుకోవడానికి వాడే ఊదారంగు దీపం ఇదే రకం. ఆ వెలుగులో ఆరిపోయిన మూత్రం మరకలు మెరుస్తాయి. రాత్రి అందరూ పడుకున్నాక దీపాలార్పి, టార్చి పట్టుకుని, హాల్లో మోకాళ్ల మీద పాకుతూ తనిఖీ మొదలెట్టాను. షోకేసు కింద మెరిసింది. కిటికీ కింద గోడ మెరిసింది. నా పడక్కుర్చీ కాళ్లు నాలుగూ మెరిశాయి. మా ఆవిడ కుట్టు మిషను గానీ, అమ్మాయి పుస్తకాల బల్ల గానీ ఒక్క చుక్క మెరవలేదు.

అంతలో అమ్మ మంచినీళ్లకి లేచి కెవ్వుమంది. బట్టల సబ్బుల్లో తెలుపు కోసం కలిపే పదార్థాలు కూడా ఆ కాంతిలో మెరుస్తాయన్న సంగతి నాకు స్ఫురించలేదు. తలా కాళ్లూ కనబడకుండా ఒక పంచె, ఒక బనీను నేల మీద నీలంగా వెలుగుతూ పాకుతుంటే ఎనభై దాటిన మనిషి కెవ్వుమనక ఏం చేస్తుంది? ఇల్లంతా లేచింది. దీపం వేశారు. టార్చితో, మోకాళ్ల మీద, నేను.

అమ్మ తేరుకున్నాక కిటికీ వైపు చూసి, "అది కూడా బెదిరి పారిపోయింది, పాపం" అంది.

"ఏది?"

అమ్మ మాట్లాడలేదు. మా అమ్మాయి కిటికీ దగ్గరికి వెళ్లి చూసింది. బయట గట్టు మీద చిన్న కంచం, అందులో పెరుగన్నం మెతుకులు. వీధిలో ఓ చెవి చిరిగిన గండుపిల్లి తిరుగుతూ ఉంటుంది, మేం దాన్ని రౌడీ అంటాం. మధ్యాహ్నం మేమంతా కునుకు తీసే వేళ మా అమ్మ నా పడక్కుర్చీలో కూర్చుని, కిటికీ ఊచల్లోంచి ఆ రౌడీకి పెరుగన్నం పెడుతోంది! అది ఆవిడ చేతికి బుగ్గలు రుద్దుతోంది. ఆ చెయ్యి నా కుర్చీకి, శాలువాకి తగులుతోంది. చంటిగాడు పాపం రోజూ అద్దంలోంచి శత్రువు భోజనం చూసి, నా కుర్చీలో శత్రువు వాసన చూసి, హడలిపోయి హద్దురాళ్లు పాతుకుంటున్నాడు.

నా సాహిత్యం మీద వాడికి ఏ అభిప్రాయమూ లేదని ఆ రాత్రి రూఢి అయింది. చెడ్డ అభిప్రాయమైనా ఉంటే కాస్త ఊరటగా ఉండేది.

"పిల్లంటే గిట్టదన్నావు కదమ్మా?" అన్నాను.

"ఇంటి పిల్లికి మీరందరూ ఉన్నారు. దానికెవరున్నార్రా?" అంది అమ్మ. దాంతో కేసు కొట్టేశారు. ఆవిణ్ని ఒక్క మాట అన్నవాళ్లు లేరు. వాసన శాలువా కప్పుకుని సభకెళ్లినవాణ్ని మాత్రం ఇంకోసారి గుర్తు చేసుకుని నవ్వుకున్నారు.

మర్నాటి నుంచి దిద్దుబాట్లు. రౌడీ కంచం పెరట్లో జామచెట్టు కిందికి మారింది. కిటికీ అద్దం చంటిగాడి కంటి ఎత్తు వరకూ కాగితాలతో మూసెయ్యాలి. మా ఆవిడ అందుకు ఎంచుకున్నవి నా వ్యాసాలు అచ్చయిన ఆదివారం అనుబంధాలు. "అక్షరాలు చిక్కగా ఉన్నాయి, అవతలివైపు ఏమీ కనబడదు" అంది. ఇన్నేళ్ల నా రచనకి దొరికిన మొదటి ఉపయోగం అది.

తొట్ల సంగతి. ఇంట్లో ఎన్ని పిల్లులుంటే అంతకంటే ఒకటి ఎక్కువ తొట్లుండాలట, అవీ వేరే వేరే చోట్ల, రోజూ శుభ్రం చేస్తూ. కాబట్టి మా ఇంట్లో మనుషులం నలుగురికి బాత్రూము ఒకటి, పిల్లి ఒకదానికి తొట్లు రెండు. రెండో తొట్టి నేను రాసుకునే బల్ల కింద పెట్టారు. ప్రశాంతంగా ఉండే చోటు కావాలట. ఆ బల్ల దగ్గర ప్రశాంతత నాకోసం కాదని అప్పుడు తెలిసింది.

ఇంకో చిట్కా ఉంది. పిల్లి బుగ్గల్లో ఒక రకం గ్రంథులుంటాయి. తనకి నిశ్చింతగా ఉన్నచోట బుగ్గలు రుద్ది ఆ వాసన అంటిస్తుంది. అలా బుగ్గలు రుద్దినచోట సాధారణంగా చిమ్మదు. అందుకని మెత్తటి గుడ్డతో దాని బుగ్గలు నిమిరి, ఆ గుడ్డని అది చిమ్మే చోట్ల రుద్దమన్నారు. ఈ పని నాకు అప్పగించారు. నేను నేల మీద బోర్లా పడి షోకేసు కాళ్లకి గుడ్డ రుద్దుతుండగా, గ్రంథాలయం వాళ్లు వచ్చే నెల సభకి పిలవడానికొచ్చారు. కాసేపు గుమ్మంలో నిలబడి చూసి, "మాస్టారు పనిలో ఉన్నట్టున్నారు, మళ్లీ వస్తాం" అని వెళ్లిపోయారు. ఆ మళ్లీ ఇంకా రాలేదు.

చివరగా రౌడీకి కూడా ఆపరేషన్ చేయిద్దామంది మా అమ్మాయి. పిల్లి మెడలో గంట ఎవరు కడతారన్నది ఎలుకల సమస్య. బుట్టలో పెట్టేదెవరన్నది మా సమస్య. అందరూ నావైపు చూశారు. గోనెసంచి, తువ్వాలు, చేతులకి పాత మేజోళ్లు సిద్ధం చేసుకుని జామచెట్టు వెనక నక్కాను. అమ్మ వచ్చి కంచం బుట్టలో పెట్టింది. రౌడీ నడుచుకుంటూ లోపలికెళ్లి కూర్చున్నాడు. అమ్మ మూత వేసింది. "లేరా, చీమలు కుడతాయి" అంది నాతో.

వాడికి ఆపరేషనయింది. హార్మోను ఒంట్లోంచి తగ్గడానికి కొన్ని వారాలు పడుతుందన్నారు, అలాగే నెమ్మదించాడు. మా చంటిగాడు కూడా బాగా తగ్గించాడు. పూర్తిగా మానేశాడని చెప్పను. వానాకాలం రాత్రుల్లో ఎక్కడో పిల్లులు అరుచుకుంటే తెల్లారేసరికి నా కుర్చీ కాలికి కొత్త సంతకం ఉంటుంది. ఇంకా ఇబ్బందైతే ఫ్లూఆక్సెటిన్ రాస్తానంది డాక్టరమ్మ. మనుషులకి దిగులు తగ్గడానికి ఇచ్చే మందే, పిల్లికి దాని బరువును బట్టి డాక్టరే కొలిచి ఇస్తుంది, మన సీసాలోంచి వెయ్యకూడదు. "ఇప్పటికి చంటిగాడికి అక్కర్లేదులే, ఆవిడ రాస్తానంటే రాయించి ఉంచు, మీ నాన్న పుస్తకానికి సమీక్ష వచ్చే రోజుకి పనికొస్తుంది" అంది మా ఆవిడ.

మీ ఇంట్లోనూ ఇలాంటి ప్రబుద్ధుడు ఉంటే రెండు మాటలు వినండి. ముందు డాక్టరుకి చూపించండి, తర్వాత కిటికీలోంచి బయటికి చూడండి, ఫినాయిల్ జోలికి పోకండి. మగపిల్లి తొట్టిలో కూర్చుని ముక్కుతున్నా చుక్క రాకపోతే మాత్రం అది హాస్యం కాదు. మూత్రనాళం మూసుకుపోయి ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. ఆ పూటే పరిగెత్తండి.

ఇక సాహితీ సంస్థలవారికి ఒక మనవి. నన్ను సన్మానించాలని మీకెప్పుడైనా అనిపిస్తే జరీ శాలువా వద్దు. ఉతుక్కోవడానికి వీలైన నూలు తువ్వాలు ఇవ్వండి. రెండిచ్చినా అభ్యంతరం లేదు.